మార్జిన్‌లో రాసినవి

నవంబరులో ఔలు పట్నంలో మూడు కొట్టేసరికి
కిటికీ అద్దం నిజంగానే అద్దమైపోతుంది.
దానికి వీపు పెట్టి కూర్చుంటాను.

నా పనేమిటో చెబితే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు.
ఊరూరి నుంచి వచ్చిన ఫారాల్లో
చుట్టూ గీత గీసిన అంకెల్ని
కంప్యూటర్లోకి ఎక్కించడం.
నిద్ర ఎలా పడుతోంది, ఒకటి నుంచి ఐదు.
గడిచిన రెండు వారాల్లో దేనిమీదైనా మనసు పోయిందా, ఒకటి నుంచి ఐదు.
కష్టమొస్తే మీరు తలుపు తట్టగల ఇళ్లెన్ని.
ఖాళీగా వదిలేస్తే తొంభైతొమ్మిది అని కొట్టాలి.
మాటాడనితనానికీ మా దగ్గరొక నంబరుంది.

ముసలివాళ్లు పెన్సిల్‌తో నింపుతారు
తర్వాత చెరుపుకోవచ్చని కాబోలు.
మగవాళ్లు ఎక్కువగా మూడు చుడతారు.
మూడంటే పర్వాలేదు.
మా నాన్నా అంతే,
చెట్టు మీదపడి తొడ ఎముక విరిగి
మంచులో పూటంతా పడున్ననాడు కూడా
అంబులెన్సు అబ్బాయితో అన్నది ఆ ఒక్క మాటే.

మొన్న ఒక ఫారం వచ్చింది.
కుహ్మో అవతలి అడవి. పురుషుడు. డెబ్బై ఒకటి. ఇంట్లో ఒక్కడే.
మొదటి పేజీ నుంచి చివరిదాకా అన్నీ మూళ్లే.
కానీ పక్కనున్న తెల్లజాగాలో
ఒడ్డున బోర్లించిన పడవల్లాంటి అక్షరాలు:

నిద్ర - కుక్క పోయాక తగ్గింది.

ఇళ్లు - ఒకటి. వియెనోది. సరస్సుకి అటువైపు.
వేసవిలో దగ్గర, గట్టి చలికాలంలో ఇంకా దగ్గర.
ఇప్పుడే, సగం గడ్డకట్టినప్పుడు,
పడవా సాగదు, కాలూ నిలవదు.

ఈ రెండు వారాల్లో మీ ఇంటికి ఎవరొచ్చారు -
ఈ కాగితం తెచ్చిన పోస్టమ్మాయి.
కాఫీ పెట్టాను. ఆమె ఇంజను ఆపలేదు.

పట్టుకెళ్లి తూలిక్కికి చూపించాను.
ఈ సర్వే అంతా ఆవిడ చేతిమీదే నడుస్తోంది.
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చదివింది.
"మార్జిన్ లెక్కలోకి రాదు" అంది.
చెడ్డ మనిషేం కాదు.
పన్నెండు వేల ఫారాలు.
ఒక్కో మార్జిన్ దగ్గర ఆగి కూర్చుంటే
వచ్చే బడ్జెట్‌కల్లా మంత్రిగారి బల్ల మీదికి
ఏ కాగితమూ చేరదు.
చేరకపోతే కుహ్మోకి వారానికోరోజు వచ్చే
ఆ ఒక్క నర్సు కూడా రాదు.
తెలుసు నాకు. మూళ్లన్నీ ఎక్కించేశాను.

సాయంత్రం, అంటే నాలుగింటికి,
బూట్లు తొడుక్కుంటూ గుమ్మం దగ్గరాగి
తూలిక్కి అడిగింది:
"ఆ కుక్క పేరు రాశాడా?"

రాశాడు.
హల్లా.
పంట పాలుపోసుకునే రాత్రి
చెప్పాపెట్టకుండా దిగి కాల్చేసే మంచుకి మావాళ్లు పెట్టిన పేరు.
తెల్లకుక్క అయ్యుంటుంది.

ఆవిడ తలూపి, టోపీ చెవులమీదికి లాక్కుని
ఏమీ అనకుండా బస్సుకి వెళ్లిపోయింది.

వసంతంలో గ్రాఫు గీస్తారు.
కుహ్మో ఒక చుక్క, గీతకి కాస్త కింద.
ఆ వారమే పేపర్లు రాస్తాయి
లోకంలోకెల్లా సుఖంగా ఉన్నది మనమేనని.
క్యాంటీన్లో ఎవరో చదివి వినిపిస్తారు,
అందరం పళ్లేల్లోకి చూస్తూ
ఔను, పర్వాలేదు, అంటాం.

అబద్ధమని కాదు.
రోడ్లమీద మంచు తీస్తారు, పింఛను తప్పదు,
ఫారం పంపితే తిరిగొస్తుంది.
చూడండి, పెన్సిల్ కొసతో సహా నమ్మి పంపారు.

నేను మాత్రం ఈమధ్య
పొద్దున్నే దీపం వెలిగించి, కాఫీ పొంగేలోపు
ఆ వైపు సరస్సుల మీద ఐసు మందమెంతో చూస్తున్నాను.
ఐదు. ఆరున్నర. మళ్లీ ఆరు, వాన పడిందట.

ఇవాళ పన్నెండు సెంటీమీటర్లు.

ఈ అంకెని ఎక్కడా ఎక్కించనక్కర్లేదు.
అటునుంచి వియెనో ముందు బయల్దేరుతుందో
ఇటునుంచి ఆయనో.